తెలంగాణలో వ్యవసాయ కూలీల హక్కులు

తెలంగాణలో వ్యవసాయ కూలీల హక్కుల చరిత్ర కూలి రేటుతో కాదు, వెట్టితో మొదలవుతుంది. నిజాం పాలనలో దేశ్‌ముఖులు, జాగీర్దార్ల పొలాల్లో దళితులు, కులవృత్తుల వారు కూలి లేకుండా చేసే పనిని వెట్టి అనేవారు. భాగేలా వేరు. పెళ్లికో తిండిగింజలకో అప్పు తీసుకున్నవాడు అది తీరేదాకా ఆసామి దగ్గర జీతం ఉండాల్సి వచ్చేది. వడ్డీ పెరిగేది, అప్పు తరిగేది కాదు. తండ్రి పోతే ఆ అప్పు కొడుకు మెడకు చుట్టుకునేది.

1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం, 1930లో జోగిపేటలో తొలి మహాసభ జరిపిన ఆంధ్ర మహాసభ వెట్టికి వ్యతిరేకంగా గొంతెత్తాయి. 1936లో నిజాం ప్రభుత్వం భాగేలా ఒప్పందాలపై చట్టం తెచ్చింది. అది ఆ ఒప్పందాలను నియంత్రించిందే తప్ప రద్దు చేయలేదు. పైగా పల్లెలో సర్కారంటే పటేలు, పట్వారీలే. వాళ్లు దొర మాట జవదాటని చోట కాగితం మీది చట్టం జీతగాడిని కాపాడలేకపోయింది. 1946 జులై 4న కడవెండిలో ఆంధ్ర మహాసభ కార్యకర్త దొడ్డి కొమురయ్య దొర మనుషుల కాల్పుల్లో మరణించాక తెలంగాణ సాయుధ పోరాటం ఎగసింది. ఊరూరా సంఘాలు వెట్టిని ఆపించాయి, కూలి పెంచాలని పట్టుబట్టాయి.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణం కింద బేగార్‌ను, అంటే వెట్టిని, నిషేధించింది. అదే ఏడాది వచ్చిన హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు భూమి మీద హక్కు ఇచ్చింది. అదే భూమిలో రోజుకూలికి నాట్లేసి, కోతలు కోసిన వారికి ఆ రక్షణ అందలేదు. ఈ చరిత్రలో పెద్ద లోటు ఇదే. 1948 నాటి కనీస వేతనాల చట్టం వ్యవసాయాన్ని తన పరిధిలోకి తెచ్చుకుంది, ఐదేళ్లకు మించకుండా రేట్లను సమీక్షించాలంది. కానీ ఫ్యాక్టరీకి గేటు, హాజరు పట్టీ ఉంటాయి. పొలానికి ఉండవు. అందుకే సర్కారు ప్రకటించిన రేటు కన్నా నాట్ల అదనులో ఊళ్లో తెగిన బేరానికే విలువ ఎక్కువగా ఉంటూ వచ్చింది.

1976 నాటి వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం భాగేలా లాంటి అప్పులన్నిటినీ ఒక్క దెబ్బతో కొట్టేసింది. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసే భారం అప్పిచ్చినవాడి మీదే పెట్టింది. నేరానికి మూడేళ్ల దాకా జైలు, రూ. 2,000 దాకా జరిమానా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ చట్టానికి ప్రాణం పోసిన అధికారుల్లో ఎస్.ఆర్. శంకరన్ పేరు ముందుంటుంది. సమాన వేతన చట్టం కూడా 1976లోనే వచ్చింది. అయితే దుక్కి మగవారిది, నాట్లు, కలుపు ఆడవారివి అని పనులు విడిపోయి ఉన్నందున, పని వేరన్న సాకుతో స్త్రీలకు తక్కువ కూలి కట్టే పద్ధతి ఆగలేదు. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ సమాన, కనీస వేతన చట్టాలు రెండింటినీ తనలో కలుపుకుంది.

కూలీ చేతికి నిజమైన బేరశక్తి ఉపాధి హామీ పథకంతో వచ్చింది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. గ్రామీణ కుటుంబానికి ఏటా 100 రోజుల పని, అడిగిన 15 రోజుల్లో ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి చట్టబద్ధమయ్యాయి. ఆసామి ఇచ్చినంతే పుచ్చుకోవాల్సిన అవసరం తగ్గింది.

తెలంగాణ ప్రభుత్వం 2025 జనవరి 26న ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ప్రారంభించింది. భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి రూ. 12,000 సాయం. 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి హామీ పని చేసి ఉండాలన్నది షరతు.