అర్వరీ నదీ పునరుజ్జీవనం: జోహడ్ నుంచి నదీ సంసద్ వరకు – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

రాజస్థాన్ రాష్ట్రం అల్వర్ జిల్లాలోని అర్వరీ నదీ పరీవాహక ప్రాంతంలో 1985 తరువాత గ్రామ సముదాయాలు సాగించిన జలసంరక్షణ కృషిని ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. ఎండిన నది మళ్లీ పారిన కథగా ఈ కృషికి విశేష ప్రచారం లభించింది. అయితే నీరు తిరిగి వచ్చిన తరువాత దానిపై హక్కు ఎవరిది, వాడకానికి హద్దు ఎవరు గీయాలి అన్న ప్రశ్నలే ఈ చరిత్రకు కేంద్రమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు నేల మీది చెరువుల నిర్వహణ సంప్రదాయంతో ఈ అనుభవాన్ని క్లుప్తంగా పోల్చి చూస్తుంది.

కీలక పదాలు: అర్వరీ, జోహడ్, పరీవాహక ప్రాంతం, గ్రామసభ, నదీ సంసద్, ఉమ్మడి వనరులు, దశబంధం.

1. ఉపోద్ఘాతం

థార్ ఎడారికి తూర్పున అరావళీ పర్వతశ్రేణి అడ్డుగోడలా నిలిచి ఉంది. ఆ శ్రేణి ఈశాన్య భాగంలో అల్వర్ జిల్లా ఉంది. భౌగోళికంగా ఇది అసలు ఎడారి కాదు, ఎడారి పొలిమేరలోని అర్ధశుష్క మండలం. ఇక్కడి సాలీనా సగటు వర్షపాతం సుమారు 600 మిల్లీమీటర్లు. అనంతపురం జిల్లా సగటు 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది కనుక, ఈ నేల స్వభావాన్ని తెలుగు పాఠకులు సులభంగానే ఊహించుకోగలరు. పైగా ఆ వానలో అధికభాగం జూలై, సెప్టెంబరు నెలల మధ్య కొద్ది రోజుల్లోనే కురిసిపోతుంది.

ఇటువంటి ప్రాంతంలో పుట్టే నదికి మంచుకొండల ఆసరా ఉండదు. కొండవాలు మీద పడిన వాన నేలలో ఎంతకాలం నిలిచిందో నదీ ప్రవాహమే చెబుతుంది. అర్వరీ అటువంటి చిన్న నది. థానాగాజీ ప్రాంతంలోని కొండల్లో పుట్టి, దిగువన దౌసా జిల్లాలోని సైంథల్ సాగర్ జలాశయాన్ని చేరుతుంది. పెద్ద నదుల చరిత్రలో కానరాని ఈ నది, ఇరవయ్యో శతాబ్దపు చివరి దశకంలో దేశవ్యాప్త చర్చకు కారణమైంది. ఆ చర్చ చాలావరకు ఒక వ్యక్తి విజయగాథగా సాగింది. గ్రామ సముదాయాల నిర్ణయాలు, నియమాలు, ఘర్షణలు అందులో వెనుకబడ్డాయి. వాటిని ముందుకు తెచ్చి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. నది ఎండిన క్రమం

అల్వర్ గ్రామాల్లో వాననీటిని పట్టి నిలిపే సంప్రదాయ నిర్మాణాన్ని జోహడ్ అంటారు. వాలుకు అడ్డంగా అర్ధచంద్రాకారంలో వేసిన మట్టికట్ట ఇది. తెలుగు గ్రామాల్లోని కుంటకు ఇది దగ్గరి బంధువు. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. మన చెరువు ప్రధానంగా తూము ద్వారా పొలానికి నీరిచ్చేది. జోహడ్ ముఖ్య ప్రయోజనం నీటిని నేలలోకి ఇంకించడం. పశువుల దాహం తీర్చడం, ఒండ్రుమట్టిని పొలాలకు అందించడం దాని ఇతర ఉపయోగాలు. ఊరి ఉమ్మడి భూమిలో, ఊరి ఉమ్మడి శ్రమతో నిలిచిన నిర్మాణం కనుక ఊరికట్టు సడలినప్పుడల్లా జోహడ్ పూడిపోయింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ కట్టు పలు కారణాల వల్ల సడలింది. అల్వర్ సంస్థానం 1948 మార్చిలో మత్స్య సమాఖ్యలోను, 1949 మేలో రాజస్థాన్‌లోను కలిసింది. ఆ సంధికాలంలోను, అటు తరువాత కూడా కొండవాలు అడవులు కలప కోసం, బొగ్గు కోసం నరికివేతకు గురయ్యాయి. చెట్టు పోయిన వాలు మీద వాన నిలవలేదు. కొట్టుకువచ్చిన మట్టి జోహడ్లను పూడ్చింది. మరోవైపు నీటిపారుదల ప్రభుత్వ శాఖల బాధ్యతగా మారడంతో, పూడిక తీయడం తమ పని అన్న భావన గ్రామస్థుల్లో క్షీణించింది. డీజిల్ పంపులు రావడంతో బావులు మరింత లోతుకు వెళ్లాయి. 1980 దశకం మధ్యలో వరుస కరవులు ఈ ప్రాంతాన్ని తాకే నాటికి బావులు అడుగంటాయి. పురుషులు కూలికోసం నగరాలకు వలసపోయారు. నీటికోసం మైళ్లు నడిచే భారం స్త్రీల మీద పడింది.

3. గోపాల్‌పురా: తొలి అడుగు

తరుణ్ భారత్ సంఘ్ 1975లో జైపూర్‌లో ఏర్పడిన స్వచ్ఛంద సంస్థ. 1985 అక్టోబరు 2న ఆ సంస్థకు చెందిన రాజేంద్ర సింగ్, మరి నలుగురు మిత్రులు థానాగాజీ ప్రాంతానికి చేరుకున్నారు. ఆయుర్వేదం చదివిన రాజేంద్ర సింగ్ వైద్యం, విద్య అందించాలన్న సంకల్పంతో వచ్చారు. గోపాల్‌పురా గ్రామ పెద్దలు మాత్రం తమకు ముందు కావలసింది నీరని, పూడిపోయిన జోహడ్‌ను తవ్వితే అది వస్తుందని చెప్పారు. తవ్వకం మొదలైంది. వానలు పడ్డాక జోహడ్‌లో నీరు నిలిచింది, దాని దిగువనున్న బావుల్లో ఊట పెరిగింది.

ఈ ఘట్టంలో చరిత్రకారులు గమనించవలసిన అంశం ఒకటుంది. స్థలం ఎంపిక, కట్ట వంపు, అలుగు ఎత్తు వంటి విషయాల్లో జ్ఞానం గ్రామస్థులదే. బయటినుంచి వచ్చినవారు తెచ్చింది ప్రధానంగా కూడగట్టే శక్తి, కొంత వనరు. ప్రతి నిర్మాణానికి ముందు గ్రామసభ కూర్చోవడం, శ్రమరూపంలోనో ధాన్యరూపంలోనో ఊరు తన వాటా ఇవ్వడం తరువాత నియమంగా మారాయి. మీణా, గుజ్జర్ కులాల రైతులు, పశుపాలకులు ఈ సభల్లో ప్రధాన భాగస్వాములు. తరువాతి కాలంలో ఇంజనీరు జి.డి. అగర్వాల్ ఈ ప్రాంతంలోని 36 గ్రామాల నిర్మాణాలను సాంకేతికంగా పరిశీలించి 1996లో తన మదింపును వెలువరించారు. పట్టభద్ర ఇంజనీర్లు లేకుండా కట్టిన కట్టలు వృత్తిపరమైన పరీక్షకు నిలిచే అంశంగా పరిగణన పొందడం అప్పటికి కొత్త విషయం.

4. జోహడ్ల నుంచి ప్రవాహానికి

నదిని బతికించాలన్న లక్ష్యంతో ఈ పని ఆరంభం కాలేదు. ఒక్కొక్క ఊరు తన బావికోసం తన జోహడ్ కట్టుకుంది. నది పుట్టుకచోటున్న భావంతా–కోల్యాలా గ్రామాలు వాలు పైభాగంలో నీటిని ఆపడంతోపాటు అడవిని కాపాడుకోవడానికి కూడా కట్టుబాట్లు విధించుకున్నాయి. పచ్చిచెట్టు నరకరాదన్నది వాటిలో ముఖ్యమైనది. ఏళ్లు గడిచేకొద్దీ పరీవాహక ప్రాంతమంతటా నిర్మాణాల సంఖ్య పెరిగింది. వీటి సంఖ్య 375 అని సంస్థ ప్రచురణలు పేర్కొంటాయి.

జోహడ్‌లో ఇంకిన నీరు రాతిపగుళ్లు, ఒండ్రు పొరల ద్వారా మెల్లగా దిగువకు కదులుతుంది. భూగర్భ జలమట్టం నదీగర్భం కంటే పైకి లేచినప్పుడు ఆ నీరే ఊటగా నదిలోకి చేరుతుంది. అందువల్ల వాన ఆగిన తరువాత కూడా నది పారుతుంది. అర్వరీలో 1990 నుంచి ఈ మార్పు కనిపించిందని, 1995 నాటికి ఏడాది పొడవునా ప్రవాహం నిలిచిందని ఈ ఉద్యమ చరిత్ర చెబుతుంది. రూపారేల్, సర్సా, భగానీ, జహాజ్‌వాలీ నదులను కూడా ఇదే కోవలో పేర్కొంటారు. భావంతా–కోల్యాలా కృషికి డౌన్ టు ఎర్త్–జోసెఫ్ సి. జాన్ పురస్కారం లభించింది. 2000 మార్చిలో నాటి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ స్వయంగా ఆ కుగ్రామానికి వచ్చి దాన్ని అందజేశారు. రాజేంద్ర సింగ్‌కు 2001లో రామన్ మెగసెసే పురస్కారం, 2015లో స్టాక్‌హోం జలపురస్కారం లభించాయి.

ఇక్కడ ఆధార విమర్శ అవసరం. అర్వరీ పరీవాహక విస్తీర్ణాన్ని కొన్ని రచనలు 1,055 చదరపు కిలోమీటర్లుగా పేర్కొంటే, జలశాస్త్ర పరిశోధకులు 476 చదరపు కిలోమీటర్లుగా తీసుకున్నారు. నది పొడవు విషయంలోను ఇటువంటి భేదమే ఉంది. ఈ అంకెలను ఒకే వాక్యంలో కలిపి వాడటం వల్ల ఫలితాల అంచనా తారుమారవుతుంది. అర్వరీ మీద రాసే పరిశోధకులు ఏ హద్దును ప్రమాణంగా తీసుకున్నారో ముందుగా చెప్పడం ఉచితం.

5. నీరు ఎవరిది?

ప్రవాహానికి ముందే హక్కుల ప్రశ్న తలెత్తింది. ప్రభుత్వ అనుమతి లేకుండా నీటిని ఆపడం 1954 నాటి రాజస్థాన్ నీటిపారుదల, డ్రైనేజీ చట్టానికి విరుద్ధమని నీటిపారుదల శాఖ తొలి ఏళ్లలోనే గోపాల్‌పురా నిర్మాణం విషయంలో అభ్యంతరం చెప్పింది. 2001లో లావా కా బాస్ గ్రామంలో కట్టిన ఆనకట్ట విషయంలో ఇదే వాదం మరింత తీవ్రంగా ముందుకు వచ్చింది. ఊరి చేనులో పడిన చినుకు ఊరిదా, రాష్ట్రానిదా అన్నది అసలు వివాదం.

రెండో ఘర్షణ గనులతో సాగింది. సరిస్కా పులుల అభయారణ్య పరిధిలోని పాలరాయి, డోలమైట్ గనుల లోతైన గోతుల్లోకి చుట్టుపక్కల భూగర్భజలం చేరుతుండేది. 1991లో తరుణ్ భారత్ సంఘ్ సర్వోన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. ఆ న్యాయస్థానం రక్షిత ప్రాంతంలో గనుల తవ్వకాన్ని నిలిపివేయించింది. 1992 మే 7న కేంద్ర ప్రభుత్వం అల్వర్, గుర్‌గావ్ జిల్లాల అరావళీ ప్రాంతానికి సంబంధించిన ప్రత్యేక ప్రకటన జారీ చేసింది.

మూడో ఘర్షణ స్వరూపం వేరు. నది పారడం మొదలయ్యాక అందులో చేపలు పెరిగాయి. 1996లో మత్స్యశాఖ హమీర్‌పుర్ వద్ద చేపలు పట్టే హక్కును గుత్తకు ఇచ్చింది. నది ఎండినన్నాళ్లు దానిపై ఏ శాఖా హక్కు చాటలేదు. నీరు వచ్చాక ఆదాయ వనరుగా గుర్తించింది. గ్రామస్థుల ప్రతిఘటనతో ఆ గుత్త రద్దయింది. కాని రేపు ఇదే గుత్త మరో రూపంలో వస్తే ఎవరు అడ్డుకోవాలి? ఎగువ రైతే పంపుపెట్టి నదిని తోడేస్తే దిగువ రైతు ఎవరితో చెప్పుకోవాలి? ఈ ప్రశ్నలకు ఒక్కొక్క గ్రామసభ విడిగా జవాబు చెప్పలేకపోయింది.

6. అర్వరీ సంసద్

ఆ అవసరం నుంచి పుట్టినదే అర్వరీ నదీ సంసద్. 1999 జనవరి 26న హమీర్‌పుర్‌లో సర్వోదయ నాయకుడు సిద్ధరాజ్ ఢడ్ఢా సమక్షంలో తొలి సమావేశం జరిగింది. పరీవాహక ప్రాంతంలోని సుమారు 70 గ్రామాల ప్రతినిధులు ఇందులో సభ్యులు. ఏడాదికి రెండుసార్లు సమావేశం కావాలని నిర్ణయించుకున్నారు.

సంసద్ నియమాల్లో ముఖ్యమైనవి: చెరకు, వరి వంటి అధిక నీటి పంటలు వేయరాదు. హోలీ తరువాత వానలు వచ్చేవరకు నది నుంచి నేరుగా నీరు తోడరాదు. లోతైన బోరుబావులు తవ్వరాదు. పచ్చిచెట్లు నరకరాదు, వేట ఆడరాదు. ఈ జాబితాలో కొత్త కట్టడాల ప్రసక్తి కంటే వాడకానికి హద్దుల ప్రసక్తే అధికం. పండుగను కాలపరిమితిగా తీసుకోవడంలో స్థానిక వివేకం కనిపిస్తుంది. ప్రభుత్వ ఉత్తర్వులోని తేదీని ఎవరైనా మరచిపోవచ్చు. హోలీని ఏ ఊరూ మరచిపోదు.

ఈ సంసద్‌కు చట్టబద్ధత లేదు. జరిమానా చెల్లించనివారిపై కోర్టుకు వెళ్లే అధికారం లేదు. దాని బలం పొరుగువారి మాట మీద, నలుగురిలో పరువు మీద ఆధారపడింది. అదే దాని బలహీనత కూడా. నీరు సమృద్ధిగా ఉన్న ఏళ్లలో మార్కెట్ ఆశ చూపినప్పుడు, కరవు ఏళ్లలో పంట ఎండుతున్నప్పుడు అటువంటి కట్టుబాటుకు కఠిన పరీక్ష ఎదురవుతుంది.

7. శాస్త్ర విమర్శ

గ్లెండెన్నింగ్, వెర్వూర్ట్ 2010, 2011 సంవత్సరాల్లో ప్రచురించిన అధ్యయనాలు అర్వరీ చర్చను కొత్త దశకు తెచ్చాయి. 2007, 2008 వర్షకాలాల క్షేత్ర పరిశీలన ఆధారంగా, వానలో సుమారు 7 శాతం ఈ నిర్మాణాల ద్వారా భూగర్భానికి చేరుతున్నట్లు వారు అంచనా వేశారు. నిర్మాణాలు సాగునీటికి భరోసానిస్తాయని, కరవును కొంత తట్టుకునే శక్తినిస్తాయని వారి నమూనా సూచించింది. అదే సమయంలో నిర్మాణాల విస్తీర్ణం పెరిగేకొద్దీ దిగువకు చేరే ప్రవాహం తగ్గుతుందని కూడా అది చూపింది.

ఈ రెండో నిర్ణయం ఉద్యమ కథనానికి ఇబ్బంది కలిగించేదే. ఎగువ ఊరు ఆపిన నీరు దిగువ జలాశయానికి చేరదు. ఇంకిన నీటిని పైనే తోడేస్తే నదికి ఊట మిగలదు. అంటే కట్టలు కట్టినంత మాత్రాన నది బతకదు. ఎంత తోడాలన్న కట్టుబాటు కూడా నిలవాలి. విమర్శగా వచ్చిన ఈ అధ్యయనం సంసద్ నియమాల అవసరాన్నే పరోక్షంగా బలపరుస్తున్నది.

8. తెలుగు నేల మీది అనుభవం

ఈ అవగాహన తెలుగు ప్రాంతానికి కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో లభించిన 1369 నాటి శాసనం విజయనగర రాజు బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు కట్టించిన చెరువును వర్ణిస్తూ, మంచి చెరువుకు పన్నెండు సాధనాలను, ఆరు దోషాలను చెప్పింది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం ఆ దోషాల్లో ఒకటి. నీరు కొద్దిగా ఉండి ఆయకట్టు ఎక్కువగా ఉండటం మరొకటి. మొదటిది అధికార పరిధి సమస్య. రెండోది వాడకపు హద్దు సమస్య. అర్వరీలో ఆరు శతాబ్దాల తరువాత తలెత్తినవి సరిగ్గా ఈ రెండే.

చెరువు కట్టినవారికి, మరమ్మతు చేసేవారికి భూమినిచ్చే దశబంధ మాన్యం రాయలసీమలో చిరకాలం కొనసాగింది. నిర్మాణంతోపాటు నిర్వహణకు కూడా ఆర్థిక పునాది వేసిన ఏర్పాటు అది. దానికి రాజ్యం గుర్తింపు ఉండేది. అర్వరీ సంసద్‌కు లేనిది ఆ గుర్తింపే. అయితే మాన్యం పొందినది వ్యక్తి లేదా కుటుంబం. సంసద్‌లో బాధ్యత నదీతీర గ్రామాలన్నింటిది. ఈ భేదాన్ని విస్మరించి రెండింటినీ ఒకే సంప్రదాయంగా చెప్పడం సరికాదు.

9. ముగింపు

అర్వరీ చరిత్రలో మూడు దశలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది, ఊరు తన బావికోసం జోహడ్‌ను బాగుచేసుకున్న దశ. రెండోది, ఆ విడివిడి ప్రయత్నాల కలయిక ఒక నదిగా పరిణమించిన దశ. మూడోది, ఆ నదిని పంచుకోవడానికి ఊళ్లన్నీ తమపై తాము నియమాలు విధించుకున్న దశ. పురస్కారాలు, ప్రచారం రెండో దశ చుట్టూ తిరిగాయి. భావి పరిశోధనకు మూడో దశ ముఖ్యం. సంసద్ తీర్మానాల అమలు, వాటి ఉల్లంఘనలు, సభల్లో స్త్రీలకు, భూమిలేనివారికి దక్కిన స్థానం వంటి అంశాలపై గ్రామస్థాయి మౌఖిక చరిత్ర సేకరణ జరగవలసి ఉంది.

నేడు తెలుగు రాష్ట్రాల్లో పూడికతీత, చెరువుల పునరుద్ధరణ ప్రభుత్వ కార్యక్రమాలుగా సాగుతున్నాయి. తవ్విన మట్టిని ఘనపు మీటర్లలో లెక్కించడం తేలిక. చెరువు నిండిన ఏడాది ఏ పంట వేయకూడదో ఊరంతా కూర్చొని నిర్ణయించుకున్నదా అన్నది లెక్కకు అందదు. అర్వరీ అనుభవం ప్రకారం నీటి మనుగడ ఆ రెండో ప్రశ్నకు దొరికే జవాబు మీదనే ఆధారపడి ఉంటుంది.