బీడీ కూలి ఎవరిది?

నిజాం పాలనలో 1923–31 మధ్య మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణం జరిగింది. ఆ నీటితో చెరకు పండింది. 1937లో బోధన్ చెంత శక్కర్‌నగర్‌లో చక్కెర కర్మాగారం స్థాపితమైంది. ఆధునికత ఈ ప్రాంతానికి ఇలా యంత్రరూపంలో వచ్చింది. ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. కాని నిజామాబాదు, బోధన్ ఇళ్లలో ఎందరో ముస్లిం స్త్రీలు, హిందూ సోదరీమణుల వలెనే, బీడీలు చుడుతూ సంసారాలు నడుపుతున్నారు.

1966 నాటి బీడీ కార్మిక చట్టం ఇంట కూర్చుని పనిచేసే స్త్రీని సైతం కార్మికురాలిగా గుర్తించింది. పరదా ఆమె శ్రమకు అడ్డు కాలేదు. మరి ఆ కూలిపై హక్కు ఎవరిది? స్త్రీలు ఆర్జించినదానిలో వారి భాగం వారిదేనని దివ్య ఖుర్ఆన్ (4:32) ఏనాడో ప్రకటించింది. కుటుంబ పోషణ బాధ్యతను పురుషునిపై ఉంచింది (4:34). ఆమె అనుమతి లేకుండా ఆమె కూలిని ఖర్చుచేసే ఇంట, షరీఅత్ ఇంకా అమలు కానట్లే.