పోలిగార్

పోలిగార్: దక్షిణాదిలో కొంత భూభాగాన్ని ఏలుకుంటూ, పై రాజుకు కప్పం కట్టి, అడిగినప్పుడు దండు నడిపిన స్థానిక ప్రభువుకు ఈస్టిండియా కంపెనీ కాలపు ఇంగ్లీషులో వాడిన మాట. తెలుగులో పాళెగాడు, పాలెగాడు, తమిళంలో పాళైయక్కారన్, కన్నడంలో పాళేగార. కంపెనీ కాగితాల్లో పాలిగార్, పాలెగార్ అన్న రూపాలూ కనిపిస్తాయి. పాళెగాడి ఏలుబడిలోని నేలను అవే కాగితాలు ‘పొల్లం’ అన్నాయి.

వ్యుత్పత్తి

పాళెం అంటే మొదట దండు విడిసిన చోటు. దండును పోషించుకోవడానికి వదిలిన ఊళ్లకు కూడా క్రమంగా అదే పేరు వచ్చింది. సైనిక సేవకు బదులుగా నేలనిచ్చే విజయనగరం నాటి నాయంకర పద్ధతి ఈ వ్యవస్థకు మూలం. మదుర నాయకులు తమ రాజ్యాన్ని 72 పాళేలుగా పంచారని ప్రసిద్ధి.

కాళహస్తి దామెర్లవారు

వెలమ దొరలైన దామెర్లవారు కాళహస్తి ప్రభువులు. 1639లో చెన్నపట్నం నేలను కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకి ఇచ్చింది ఈ వంశీయుడైన వేంకటాద్రి నాయకుడే. ఆయన తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూనమల్లిలో ఉండేవాడు. తండ్రి చెన్నప్ప పేరే చెన్నపట్నానికి వచ్చింది. ఇదే వంశానికి చెందిన అంకభూపాలుడు ‘ఉషాపరిణయము’ రాసిన మంచి కవి. అప్పటి ఇంగ్లీషు రాతల్లో వేంకటాద్రి హోదా ‘నాయక్’. పోలిగార్ అన్న మాట ఈ వంశానికి తర్వాతి శతాబ్దంలో స్థిరపడింది.

కర్ణాటక యుద్ధాల చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ గ్రంథం 1763 నుంచి వెలువడింది. ఆర్కాటుకు ఉత్తరాన ఉన్న ముఖ్యమైన పోలిగార్లుగా ఆయన వెంకటగిరి బంగారు యాచమనాయుణ్ని, కాళహస్తి దామెర్ల వెంకటప్పను, కార్వేటినగరం బొమ్మరాజును పేర్కొన్నాడు. కాళహస్తి ‘కలాస్ట్రీ’గానూ, బొమ్మరాజు ‘బొమ్‌రాజ్’గానూ ఇంగ్లీషుకెక్కాయి.

1792–1807

ఈ మాట బాగా వాడుకలో ఉన్న కాలం ఇదే. 1792 ఒప్పందంతో పాళెగాళ్ల కప్పం వసూలు చేసే అధికారం ఆర్కాటు నవాబు నుంచి కంపెనీకి వచ్చింది. 1799లో లొంగని పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మన్‌ను కంపెనీ ఉరి తీసింది. 1801లో నవాబు ఏలిన కర్ణాటక రాజ్యమంతా కంపెనీ పాలన కిందికి వచ్చింది. దాంతో కంపెనీ నివేదికల్లో పోలిగార్ అంటే లొంగనివాడు, కోటలు కూల్చి ఆయుధాలు లాక్కోవలసినవాడు అన్న అర్థం బలపడింది.

కాళహస్తి ఈ అర్థానికి లోబడలేదు. వెంకటగిరి, కాళహస్తి, కార్వేటినగరం, సైదాపురం ప్రభువులను కంపెనీ ‘పశ్చిమ పోలిగార్లు’గా లెక్కించి, 1802లో శాశ్వత సనదులు (హక్కు పత్రాలు) ఇచ్చింది. యుద్ధానికి దండు పంపే బాధ్యత రద్దయింది. దానికి సరిపడే సొమ్మును పేష్కషు(కప్పం)లో కలిపారు. దండు బాకీ రూకల బాకీగా మారింది. అప్పటి నుంచి వారు సర్కారు లెక్కల్లో జమీందార్లు.

చిత్తూరు చుట్టుపక్కల చిన్న పాళేల కథ వేరు. నరగంటి, బంగారి, కల్లూరు, పులిచెర్ల, మొగరాల, పాకాల వంటి పాళెగాళ్లకు కావలి రుసుము పెద్ద ఆదరువు. ఊళ్లో దొంగతనం జరిగితే సొత్తు రాబట్టడమో, నష్టం కట్టివ్వడమో కావలిదారు పూచీ; అందుకు ప్రతిఫలంగా రైతులు రుసుము చెల్లించేవారు. కంపెనీ పాలనలో ఈ హక్కులకు చోటు లేకపోయింది. 1804–05లో వీరు తిరగబడగా కంపెనీ సైన్యం అణచివేసింది.

నిజాం కంపెనీకి వదిలిన దత్తమండలాల్లో 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో సుమారు 80 మంది పాళెగాళ్లను ఎదుర్కొన్నాడు. కొందరిని బలంతో తొలగించాడు, కొందరిని పింఛన్లతో కూర్చోబెట్టాడు. అలా పింఛను పుచ్చుకునే కుటుంబంలో పుట్టిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కాడు.

తరువాతి వాడుక

కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ సేకరింపజేసిన స్థానిక చరిత్రలైన కైఫీయతుల్లో పాళెగాళ్ల వంశ చరిత్రలు విస్తారంగా ఉన్నాయి. 1886లో వచ్చిన యూల్, బర్నెల్‌ల ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు పోలిగార్‌ను చేర్చుకుంది. దక్షిణాది పెద్దజాతి వేటకుక్కకు ఇంగ్లీషువారు పెట్టిన ‘పోలిగార్ డాగ్’ అన్న పేరూ అందులో ఉంది. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దయ్యాయి; జమీందార్లుగా మారిన పాత పోలిగార్ల సంస్థానాలూ వాటితోనే పోయాయి.

ఇప్పుడు ఇంగ్లీషులో ఈ మాట చరిత్ర పుస్తకాలకు, ముఖ్యంగా ‘పోలిగార్ యుద్ధాలు’ అన్న ప్రయోగానికి పరిమితం. తెలుగులో పాలెగాడు ఇంకా వాడుకలోనే ఉంది: రాయలసీమ ముఠా నాయకులను, చట్టాన్ని లెక్కచేయని పెత్తందార్లను పత్రికలు ఆ పేరుతో దెప్పుతాయి. ఈ నింద తిరుగుబాటు కాలపు అర్థానికి దగ్గర. సనదు పుచ్చుకుని పేష్కషు చెల్లించిన కాళహస్తి వంటి సంస్థానాలకు అది వర్తించదు.