గులకరాళ్ల నేలలో బోర్డో ఎర్ర వైన్

ఫ్రాన్స్ నైరుతి మూలన గరోన్, దోర్దోన్ నదులు కలిసి జిరోంద్ అనే వెడల్పాటి పాయగా మారి అట్లాంటిక్ సముద్రంలో పడతాయి. గరోన్ ఒడ్డునున్న రేవుపట్నం బోర్డో. చుట్టుపక్కల పల్లెల్లో పండే ద్రాక్షతో చేసే వైన్‌కు కూడా ఆ పట్నం పేరే పడింది. పండించింది పల్లె, పేరు పెట్టింది రేవు. ధర కట్టిందీ రేవే.

ఈ వ్యాపారం పెరగడానికి మూలం ఒక పెళ్లి. బోర్డో ఉన్న అకితేన్ సీమకు వారసురాలైన ఎలియనోర్ 1152లో ఆంజూ ప్రభువు హెన్రీని పెళ్లాడింది. రెండేళ్లకు అతడు ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ అయ్యాడు. దాంతో బోర్డో మూడు శతాబ్దాలపాటు ఇంగ్లండ్ రాజుల ఏలుబడిలో ఉండిపోయింది. ఏటా శరదృతువులో ఓడలు బారులు తీరి వచ్చి కొత్త వైన్ ఎత్తుకుపోయేవి. వ్యాపారం ముమ్మరంగా సాగిన 14వ శతాబ్దం తొలినాళ్లలో ఏటా లక్ష తొన్నోల దాకా ఎగుమతి అయ్యేది. తొన్నో అంటే 900 లీటర్లు పట్టే కొలత, అంటే నాలుగు పీపాలు. ఓడ ఎంత పెద్దదో చెప్పడానికి అది ఎన్ని తొన్నోలు మోయగలదని లెక్క కట్టేవారు. ఓడల సామర్థ్యాన్ని టన్నుల్లో చెప్పే అలవాటు అక్కడినుంచి వచ్చిందే.

అయితే ఆనాటి సరుకును చూస్తే నేటి బోర్డో అభిమాని గుర్తు పట్టలేడు. తొక్కలతో ఎక్కువ రోజులు నాననివ్వకుండా రసం తీసేయడం వల్ల వైన్ లేత ఎరుపుగా ఉండేది. ఆ రంగును బట్టే ఫ్రెంచివారు ‘క్లెరె’ అన్నారు, ఇంగ్లిషువారి నోట అది ‘క్లారెట్’ అయింది. నిలవ చేసే ఉపాయం తెలియదు కనుక ఏడాది తిరిగేసరికి పులిసిపోయేది. కొత్త వైన్‌కు మంచి ధర, పాతదానికి తగ్గు ధర. నేటి పద్ధతికి పూర్తిగా తలకిందులు.

1453లో కాస్తియోన్ యుద్ధంలో ఇంగ్లిషు సేన ఓడింది, దాన్ని నడిపిన ముసలి సేనాని జాన్ టాల్బట్ అక్కడే చనిపోయాడు. బోర్డో ఫ్రాన్స్ రాజు చేతికి వచ్చింది. కొనేవాడితో యుద్ధమే తప్ప వైరం లేదన్నట్టు సాన్-జులియెన్ ఊళ్లో ఒక పెద్ద ఎస్టేట్‌కు నేటికీ టాల్బట్ పేరే ఉంది. ఇంగ్లండ్ ఏలుబడిలో పట్నం వర్తకులకు దక్కిన హక్కులు కూడా చాలాకాలం నిలిచాయి. నది ఎగువన కావోర్, గాయాక్ వంటి చోట్ల పండిన వైన్ బోర్డో సరుకు అమ్ముడయ్యేదాకా రేవుకు రాకూడదన్న కట్టడి 1776లో మంత్రి తుర్గో రద్దు చేసేవరకూ నడిచింది. బోర్డో గొప్పతనంలో నేల పాత్ర ఎంతో, ఈ గుత్త హక్కు పాత్ర కూడా అంతే.

ఇప్పుడు ప్రపంచంలో పేరుమోసిన మెదోక్ ప్రాంతం ఇంగ్లండ్ ఏలుబడి రోజుల్లో చెప్పుకోదగ్గ వైన్ సీమే కాదు. జిరోంద్ పాయకు ఎడమ గట్టున సముద్రం దాకా సాగే ఆ నాలుకలాంటి నేలలో సగం చిత్తడి, బాడవ. 17వ శతాబ్దంలో డచ్చి ఇంజనీర్లు వచ్చి కాలువలు తవ్వి నీరు తోడేశారు. చిత్తడి తగ్గాక, ఏనాడో నదులు పర్వతాల నుంచి మోసుకొచ్చి పోసిన గులకరాళ్ల దిబ్బలు సాగుకు అందుబాటులోకి వచ్చాయి. ఆ దిబ్బలు గోధుమకు పనికిరావు, ద్రాక్షకు మాత్రం వరం. వాన పడితే నీరు నిలవదు. పగలు వేడెక్కిన రాయి రాత్రి దాకా వెచ్చగా ఉండి కాయను మగ్గబెడుతుంది. తిండి దొరక్క వేరు లోతుకు దిగుతుంది, కాపు తక్కువైనా రసం చిక్కనవుతుంది. పీపాలో గంధకం పూసిన వత్తి వెలిగించి పొగబెడితే వైన్ చెడదన్న కిటుకు నేర్పిందీ డచ్చివారే. నిలవ ఉండే వైన్ సాధ్యమైంది ఆ పొగతోనే.

ఒక తోటకు సొంత పేరు పెట్టి, ఆ పేరుతోనే వైన్ అమ్మడం పట్నం పొలిమేరలోని ఓ-బ్రియాన్ ఎస్టేట్‌తో మొదలైంది. పొంతాక్ కుటుంబం దాని యజమాని. బోర్డో పార్లమెంటు అనే న్యాయస్థానంలో పీఠాలెక్కిన ఇల్లది. 1663 ఏప్రిల్‌లో లండన్ సత్రం ఒకదాంట్లో ఆ వైన్ తాగిన శామ్యూల్ పీప్స్, విన్నట్టుగా పేరు తప్పు రాసి, దాని రుచి వేరే వేటికీ లేదని డైరీలో రాసుకున్నాడు. 1666 లండన్ అగ్నిప్రమాదం తరవాత పొంతాక్ కొడుకు ఆ నగరంలోనే ఒక భోజనశాల తెరిచి ఖరీదైన విందులతో పాటు సొంత తోట వైన్ పోయించాడు. తత్వవేత్త జాన్ లాక్ 1677లో ఆ తోట చూడడానికే వెళ్లి, తెల్లటి ఇసుకా గులకా కలిసిన ఆ నేలలో ఏదైనా పండుతుందా అని ఆశ్చర్యపోయాడు. ఎరువు బలంగా ఉన్న నేల కంటే బీద నేల మేలైన వైన్ ఇస్తుందన్న మాట అప్పటికి వింతే.

తోట పేరుతో మేలైన వైన్ అమ్మే ఈ కొత్త ధోరణికి ఇంగ్లండ్ సుంకాలు ఊతమిచ్చాయి. 1703లో పోర్చుగల్‌తో కుదిరిన ఒప్పందం వల్ల అక్కడి వైన్‌పై సుంకం తగ్గింది, ఫ్రెంచి సరుకుపై మాత్రం మోత మోగుతూనే ఉంది. సుంకం విలువను బట్టి కాక పరిమాణాన్ని బట్టి వేసేవారు. చౌక వైన్ పీపాకూ మేలైన వైన్ పీపాకూ ఒకే సుంకం కట్టాల్సి వస్తే, ఓడలో చౌకది ఎక్కించేవాడు ఉండడు. అలా మేలైన సరుకే లండన్ చేరింది. మెదోక్ తోటలైన లాఫిట్, మార్గో, లాతూర్ పేర్లు 18వ శతాబ్దంలో ధనవంతుల ఇళ్లలో మారుమోగాయి. లాఫిట్, లాతూర్ రెండూ ఒక దశలో నికోలా అలెగ్జాండర్ ద సెగ్యూర్ చేతిలో ఉండేవి. అతణ్ని ద్రాక్షతోటల యువరాజు అనేవారు. లాభం చూసి అందరూ తోటలు వేయడంతో తిండిగింజల పొలాలు తగ్గిపోయాయని కలవరపడి, 1725లో రాజప్రతినిధి బుషే కొత్త తోటలను నిషేధింపజేశాడు. అప్పుడే బీడు కొని తోట వేయబోతున్న మాంతెస్క్యూ, న్యాయశాస్త్రంలో తరవాత పేరుపొందిన ఆ రచయితే, గట్టిగా అర్జీ పెట్టుకున్నాడు.

ఫ్రెంచి విప్లవం వచ్చి ఈ యజమానుల్లో కొందరి తలలు తీసింది. లాఫిట్ ఆసామి పిషార్ 1794లో గిలటిన్ పాలయ్యాడు. అయినా పెద్ద తోటలు ఫ్రాన్స్‌లోని మరో వైన్ సీమ బర్గండీలో మాదిరి ముక్కచెక్కలు కాలేదు. బర్గండీలో చర్చి భూములు వేలం పడ్డాక, వారసత్వ చట్టం తరతరానికీ చీలుస్తూ పోయి, ఒక్కో కుటుంబానికి ఒకటి రెండు వరుసల తీగలే మిగిలిన సందర్భాలున్నాయి. అక్కడ హోదా నేలది. బోర్డోలో హోదా ఎస్టేట్‌ది, అంటే పేరుది. 1842లో లాతూర్ వారసులు తోటను పంచుకోకుండా కంపెనీగా మార్చి వాటాలు తీసుకున్నారు.

1855లో పారిస్‌లో మూడో నెపోలియన్ పెద్ద ప్రదర్శన పెట్టాడు. బోర్డో వాణిజ్య మండలి తన వైన్లు పంపుతూ, వాటి తరగతుల పట్టిక ఇమ్మని ఏప్రిల్ మొదట్లో దళారుల సంఘాన్ని అడిగింది. రెండు వారాల్లో, ఏప్రిల్ 18న, పట్టిక చేతికొచ్చింది. అంత తొందరగా ఎలా అంటే, వాళ్లెవరూ కొత్తగా రుచి చూడలేదు. దశాబ్దాలుగా ఏ తోట పీపా ఏ ధర పలికిందో వారి ఖాతాల్లో ఉంది. దాన్నే ఐదు మెట్లుగా రాసిచ్చారు. మొదటి మెట్టున లాఫిట్, మార్గో, లాతూర్, ఓ-బ్రియాన్. ఇందులో ఓ-బ్రియాన్ ఒక్కటే పట్నం దాపునున్న గ్రావ్ ప్రాంతానిది, మిగిలిన ఎర్ర వైన్లన్నీ మెదోక్‌వే. దోర్దోన్ నదికి కుడి గట్టున లిబూర్న్ రేవు వర్తకం వేరు కనుక అక్కడి సాంతెమిలియాన్, పోమెరోల్ వైన్లు ఆ పట్టికలోకి రాలేదు.

దళారుల చిట్టా శాసనంలా నిలిచిపోతుందని వారు కూడా అనుకుని ఉండరు. ఆ సెప్టెంబరులోనే కాంతమెర్ల్ తోటను చేర్చడం మినహా, 1973 దాకా అందులో కదలిక లేదు. రెండో మెట్టులో ఉన్న మూతోన్ తోట కోసం దాని యజమాని బారన్ ఫిలిప్ ద రాత్‌షిల్డ్ దశాబ్దాలపాటు చెప్పులరిగేలా తిరిగి, వ్యవసాయ మంత్రి జాక్ షిరాక్ సంతకంతో మొదటి మెట్టెక్కించాడు. విచిత్రం ఏమంటే పట్టికలో ఉన్నది ఎస్టేట్ పేరే గానీ సర్వే నంబర్లు కాదు. ఎస్టేట్ పక్క పొలం కొని కలుపుకుంటే ఆ కొత్త తీగలకూ పాత హోదా వచ్చేస్తుంది. ‘షాతో’ అన్న బిరుదుకూ ఇలాంటి కథే ఉంది. కోట అని అర్థం. 1855 పట్టికలో కొద్ది తోటలకే ఆ మాట ఉంది. గిరాకీ చూసి తరవాత చిన్న పెంకుటింటి యజమాని కూడా షాతో అయ్యాడు. లాతూర్ అంటే బురుజు. తోటలో ఇప్పుడు కనిపించే గుండ్రటి కట్టడం మాత్రం పాత కోట బురుజు కాదు, తరవాతి కాలపు పావురాల గూడు.

పట్టిక వచ్చిన కాలంలోనే తెగుళ్లు మొదలయ్యాయి. బూడిద తెగులుకు గంధకం మందయింది. 1860లలో అమెరికా మొక్కలతో వచ్చిన ఫిలాక్సెరా అనే పేనుజాతి పురుగు వేళ్ల రసం పీల్చి ఫ్రాన్స్ తోటలను ఎండబెట్టింది. పురుగును తట్టుకునే అమెరికా వేరుమొక్కపై ఫ్రెంచి రెమ్మను అంటు కట్టడమే దానికి మిగిలిన దారి. అది సర్దుకోకముందే బూజు తెగులు దిగింది. దీనికి మందు దొరికిన తీరు తమాషాగా ఉంటుంది. దారిన పోయేవారు గుత్తులు కోసుకుపోకుండా, విషమని భయపడేట్టు, సాన్-జులియెన్ రైతులు బాట పక్క తీగలకు మైలుతుత్తం, సున్నం కలిపి పూసేవారు. 1882లో అటుగా వెళ్లిన వృక్షశాస్త్రవేత్త మిలార్దే, తోటంతా ఆకు రాలినా బాట పక్క వరుసలు పచ్చగా ఉండడం గమనించాడు. 1885కి మందు సిద్ధమైంది. అదే బోర్డో మిశ్రమం. తెలుగు నేలపై నిమ్మ, మామిడి, తమలపాకు తోటల రైతులు నేటికీ 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లతో కలుపుకుని, ఇనుప కత్తి ముంచి రాగి పూత అంటలేదని చూసుకుని కొట్టే మందు ఇదే. వైన్ ఎరగని ఊళ్లలో కూడా బోర్డో పేరు తెలిసింది ఈ మందు వల్లే.

మెదోక్ తీగకు పందిరి ఉండదు. హైదరాబాద్ చుట్టుపట్ల తలపైన పరుచుకునే ద్రాక్ష పందిళ్లు చూసినవారికి ఆ తోట వింతగా తోస్తుంది. పొట్టి తీగలు, వరుసకు వరుసకు మీటరు ఎడం, హెక్టారుకు 10,000 మొక్కలు. గుత్తి నేలకు దగ్గరగా వేలాడుతూ గులకరాళ్ల వేడి పీల్చుకుంటుంది. ప్రధాన రకం కాబర్నే సోవిన్యాన్. చిన్న కాయ, దళసరి తొక్క, ఆలస్యంగా పండే గుణం. దీనికి తోడు మెర్లో, కాబర్నే ఫ్రాన్, కొద్దిగా పెతి వెర్దో. ఒక రకం చలికో వానకో దెబ్బతింటే ఇంకొకటి ఆదుకుంటుందన్న రైతు జాగ్రత్తే ఈ కలయికకు మూలం.

ద్రాక్ష గుజ్జుకు రంగు లేదు. ఎరుపు తొక్కదే, వగరులో ఎక్కువ పాలూ తొక్కదే. అందుకే తొక్కలతోనే పులియబెట్టి, రెండు మూడు వారాలు అడుగు రసాన్ని పైకి తోడి పోస్తూ ఉంటారు. ఆ తరవాత 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఏడాదిన్నర వరకు ఉంచుతారు. మూడు నెలలకోసారి మడ్డి కదలకుండా తేటను వేరే పీపాలోకి వంచుతారు. చివరగా పీపాకు నాలుగైదు గుడ్ల తెల్లసొన గిలకొట్టి కలిపితే, అది మిగిలిన మడ్డినీ మొరటు వగరునూ పట్టుకుని అడుక్కి దిగుతుంది. పచ్చసొనలు పారేయలేక చేసిన తీపి తినుబండారమే బోర్డో కానెలే అని ఊళ్లో చెప్పుకుంటారు.

ఈ వైన్ల గుణం తెలియడానికి తెలుగువారికి వగరు అన్న మాట ఒక్కటి చాలు. పచ్చి జామకాయ కొరికితే నాలుక పిడచ కట్టినట్టవుతుందే, కుర్ర పోయాక్ వైన్‌లో ఉన్నది అదే. లాఫిట్, లాతూర్, మూతోన్ మూడూ పోయాక్ ఊరివే. మొదటి పదేళ్లు మూసుకుపోయినట్టుండి, తరవాత నేరేడును తలపించే నల్లపండు వాసన, దేవదారు చెక్క, చెక్కిన పెన్సిల్ వాసన ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. దక్షిణాన మార్గోలో నేల మరింత పలచన, వైన్ పూలవాసనతో మెత్తగా ఉంటుంది. రెంటికీ నడుమ సాన్-జులియెన్ దేనికీ మొగ్గదు. ఉత్తరాన సాన్-ఎస్తెఫ్‌లో గులకలో బంకమట్టి కలిసి వగరు గట్టిపడుతుంది. ఓ-బ్రియాన్‌ది పొగ, తడి మట్టి కలిసిన వాసన. కుడి గట్టున తీరే వేరు. చల్లటి బంకమట్టిలో తొందరగా పండే మెర్లో రాజ్యమేలుతుంది. పోమెరోల్‌లోని పెత్రూస్ తోట నీలిబంక మీద ఉంది, దాని వైన్ పట్టులా గొంతు దిగుతుంది. అయితే ఊరిని బట్టి గుణం చెప్పడం ఒక హద్దు వరకే సాగుతుంది. ఏ సంవత్సరం ఎలా కాచిందన్నది చాలాసార్లు ఊరిని మించిపోతుంది.

20వ శతాబ్దం దాకా ఎస్టేట్ వైన్‌ను ఎక్కువగా పీపాల్లోనే అమ్మేది. పట్నంలో షార్త్రోన్ గట్టున ఉన్న వర్తకులు దాన్ని మగ్గనిచ్చి, కొన్నిసార్లు ఇతర చోట్ల ముదురు వైన్ కలిపి, సీసాల్లో నింపేవారు. 1924 పంట నుంచి మొత్తం వైన్‌ను తోటలోనే సీసాల్లో నింపుతానని మూతోన్ బారన్ పట్టుబట్టాడు, మిగిలినవారు మెల్లగా అదే బాట పట్టారు. వ్యాపారం మాత్రం పాత తోవలోనే ఉంది. కోత తరవాతి వసంతంలో, వైన్ ఇంకా పీపాలో ఉండగానే, దళారుల ద్వారా వర్తకులకు అమ్మేస్తారు. లాతూర్ 2012లో ఆ పద్ధతి నుంచి తప్పుకుంది.

వేడి పెరుగుతున్నకొద్దీ కోతలు ముందుకు జరిగాయి, మెర్లోలో చక్కెర ఎక్కువై ఆల్కహాల్ శాతం పెరిగింది. 2021లో సాధారణ బోర్డో వైన్లకు పోర్చుగల్ రకం తూరిగా నాసియొనాల్‌తో సహా కొన్ని కొత్త రకాలను, కలయికలో పదోవంతు మించకుండా, అనుమతించారు. పోయాక్, మార్గో వంటి ఊళ్లకు అప్పుడు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. చౌక వైన్ పండించే రైతుకు మాత్రం గిరాకీయే పడిపోయింది. 2023లో సుమారు 9,500 హెక్టార్ల తోటలు పీకేయడానికి హెక్టారుకు 6,000 యూరోల చొప్పున పరిహారం ఇచ్చే పథకం వచ్చింది.