బిటర్‌రూట్ లోయ జ్వరం

అమెరికాలో మోంటానా రాష్ట్రపు పడమటి భాగాన ఉన్న బిటర్‌రూట్ లోయను 19వ శతాబ్దం చివర ఒక జ్వరం వణికించింది. వసంతం రాగానే మొదలయ్యేది. ముందు విపరీతమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు. కొద్దిరోజులకు మణికట్ల దగ్గర, చీలమండల దగ్గర ఎర్రటి మచ్చలు లేచి ఒళ్లంతా పాకేవి. మచ్చలు ముదిరి నల్లబడేవి కాబట్టి జనం దాన్ని నల్ల తట్టు అన్నారు. సోకిన పెద్దవాళ్లలో బతికి బయటపడేవారు తక్కువ. జబ్బు ఎక్కువగా నదికి పడమటి ఒడ్డునే కనిపించేది. కొండల మంచు కరిగి వచ్చే నీళ్లే దీనికి మూలమని చాలామంది నమ్మారు.

1902లో విల్సన్, చౌనింగ్ అనే పరిశోధకులు పిడుదులను అనుమానించారు. రుజువు మాత్రం 1906లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన హోవార్డ్ రికెట్స్ చేతుల మీదుగా దొరికింది. జబ్బుపడిన గినీ పంది రక్తం తాగిన పిడుదును ఆరోగ్యంగా ఉన్న మరో గినీ పందికి పట్టిస్తే దానికీ జ్వరం వచ్చింది. తల్లి పిడుదు నుంచి గుడ్లకు కూడా ఈ క్రిమి చేరుతుందని ఆయన తేల్చాడు. 1910లో టైఫస్ అనే మరో జ్వరాన్ని పరిశోధిస్తూ, అదే సోకి, 39 ఏళ్లకే మెక్సికో నగరంలో చనిపోయాడు. ఈ జ్వరం తెచ్చే క్రిమికి రికెట్సియా అనే పేరు ఆయన మీదుగా వచ్చిందే.

పిడుదులను చంపడానికి పశువులను మందునీళ్ల తొట్లలో ముంచి తీయించారు. పశువులు దెబ్బతింటాయని రైతులు భయపడ్డారు. 1913లో ఒక తొట్టిని డైనమైట్‌తో పేల్చేశారు. పశువులే బతుకుతెరువైన వాళ్ల భయాన్ని కొట్టిపారేయలేం.

హామిల్టన్ ఊరి దగ్గర ఒక పాత బడిలో పార్కర్, స్పెన్సర్ అనే పరిశోధకులు టీకా పని సాగించారు. క్రిమి ఉన్న పిడుదులను నూరి, ఫినాల్‌తో క్రిమిని చంపి టీకా చేశారు. 1924లో స్పెన్సర్ దాన్ని ముందు తనకే ఎక్కించుకున్నాడు. ఆ పనిలో ఉన్నవాళ్లు కొందరు ఇదే జ్వరంతో పోయారు. ఈ టీకా వెనుక ఉన్న అసలు మూల్యం అది. 1928లో కొత్త ప్రయోగశాల కట్టినప్పుడు, పిడుదులు ఊళ్లోకి వస్తాయని జనం బెంబేలెత్తితే, చుట్టూ నీటి కందకం తవ్వారు.

టీకా జబ్బు తీవ్రతను తగ్గించింది గాని, సోకాక నయంచేసే మందు 1948 దాకా రాలేదు. ఆ ఏడు క్లోరాంఫెనికాల్, ఆరియోమైసిన్ రెండూ ఈ జ్వరం మీద పనిచేశాయి. ఆరియోమైసిన్‌ను కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. ఆయన పనిచేసిన లెడర్లీ సంస్థలో పరిశోధనకు సారథి, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మందు లోకానికి తెలిసిన ఆ ఏడాదే ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఇప్పుడు వైద్యులు వాడే డాక్సీసైక్లిన్ ఆరియోమైసిన్ కుటుంబంలోదే. మచ్చలు కనబడేదాకా ఆగకుండా, అనుమానం కలగగానే మొదలుపెడతారు.