నిడదవోలునకు బొగ్గు వచ్చిన దారి

నిడదవోలు పేరు వినగానే మన పెద్దలకు చాళుక్య వీరభద్రుడు జ్ఞప్తికి వచ్చును. కాకతి రుద్రమదేవి ఆయనను వివాహమాడుటచే ఈ యూరికిని ఓరుగల్లునకును వియ్యము కలిసెను. ఆఱువందల యేండ్లకు పైగా గడచిన పిమ్మట ఆ దిక్కునుండియే మనకు నేలబొగ్గు వచ్చెను.

అది దొరకిన తీరును గూర్చి యొక కథ కలదు. భద్రాద్రి రాముని సేవింపబోవు యాత్రికులు ఇల్లెందు ప్రాంతమున బస చేసి, నల్లరాళ్లను పొయ్యిగా నమర్చి మంట పెట్టగా, కట్టెలతోపాటు రాళ్లును అంటుకొన్నవట! కథ మాట యెట్లున్నను, 1871లో విలియం కింగు దొర యను భూగర్భశాస్త్రజ్ఞుడు అచ్చట బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వుటకు హక్కు పొందెను. 1889లో పని మొదలయ్యెను. సమీపగ్రామమగు సింగరేణి పేరే ఆ గనులకు నిలిచినది. మన మన్యములో బెడదనూరు కడను బొగ్గుపొరలు గలవని ఆ శతాబ్దిలోనే గుర్తించిరి గాని, అచ్చట గని వెలయలేదు.

అంతకు పూర్వము మన ధాన్యము కాలువమీద పోవుచుండెను. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా కాలువలే మనకు రాజమార్గములు. గాలి యున్నచో తెరచాప యెత్తుదురు. లేనిచో గట్టువెంట మనుష్యులు త్రాళ్లతో పడవను లాగుదురు. ఇనుపదారికన్న నీటిదారియే చౌక యని కాటను దొర జీవితాంతము వాదించెను. ఆయన వాదము త్రోసివేయదగినది కాదు. పడవకు బొగ్గు అక్కఱలేదు గదా! కాని వేసవిలో కాలువ కట్టివేసినచో పడవ నిలిచిపోవును. వర్తకుడు అంతకాలము ఆగునా?

1890 తరువాతి దశకములో ఈస్టుకోస్టు రైలుమార్గము మన తీరమున వెలసెను. అప్పటికే నైజాము రైలు బెజవాడను చేరియుండుటచే, ఇల్లెందు బొగ్గు డోర్నకల్లుమీదుగా సముద్రతీరపు బండ్లకు అందుటకు దారి యేర్పడెను. అయినను గోదావరి అడ్డు తీరలేదు. 1900లో కొవ్వూరు, రాజమహేంద్రవరముల నడుమ 56 అంకణముల హేవలాకు వంతెన తెఱచిన తరువాతనే బండి ఆగకుండ నదిని దాటెను.

పొగబండి కూతను మన పెద్దలు ముచ్చటగా తలచుకొందురు. ఇంజనులో బొగ్గు మండి, నీరు ఆవిరియై, ఆ యావిరి రోకలివంటి దండమును ముందువెనుకలకు నెట్టగా చక్రములు తిరిగెడివి. కొలిమి యెదుట నిలిచి పారతో బొగ్గు వేయువానిని మనము చూచితిమి. భూమిలోపల, దీపపు వెలుగున, పలుగుతో ఆ బొగ్గును పెకలించినవానిని చూడలేదు. కాలువగట్టున త్రాడు లాగినవాని జీవనము ఏమయ్యెనో అడిగినవారును తక్కువ.

హేవలాకు వంతెన 1997లో విశ్రమించినది. నేడు నిడదవోలు మీదుగా బండ్లు విద్యుత్తుతో నడచుచున్నవి. సింగరేణి బొగ్గులో అధికభాగము విద్యుత్కేంద్రములకే పోవుచున్నది.