చింతపులుపు చెప్పిన చరిత్ర

మొన్న ఆదివారమున మేము దంపతులము చేవెళ్ల దారిని అజీజ్‌నగరమునకు పోయితిమి. ఒక దిక్కున గండిపేట చెరువు, మరొక దిక్కున హిమాయత్‌సాగరము. నడుమ ఈ పల్లె. ఒక రైతు ఇంట జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టిరి. పులుసును కాచనక్కరలేదు, చింతపండు రసములో కాల్చిన పచ్చిమిరప, ఉల్లి నలిపిన చాలును. మారు వడ్డన అడుగుటకు మాలో ఒకరు మొగమాటపడలేదు, ఎవరో చెప్పము.

ఆ పులుపు మాకు 1908 సెప్టెంబరు 28ను తలపించినది. నాడు మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టపెట్టుకొనగా, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది బ్రతికిరందురు. పిమ్మట విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. వరదను నగరము చేరకమున్నే ఎగువన ఆపవలెనని ఆయన సలహా. అట్లే మూసీపై గండిపేట చెరువనబడు ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. నగరము ప్రాణమునకు పల్లె నేల అడ్డుపడినదన్నమాట.

ఈ జలాశయముల రక్షణకై 1996లో 111వ ఉత్తర్వు 84 గ్రామములలో కట్టడములకు హద్దు పెట్టినది. 2022లో దానిని సడలించిరి. ఈ యేడు జొన్న వేసితిననియు, వచ్చే యేటి మాట అడుగవలదనియు మా రైతు నవ్వుచు చెప్పి, మరియొక రొట్టె వడ్డించెను.